క్లాజెట్‌లో ట్యూబ్‌లైట్ల కింద వంగ, మిరప నారు: ఎందుకు సాగిపోతోంది, ఇప్పుడేం చేయాలి

ముందు మీరు చెప్పింది ఒకసారి అనుకుందాం. షికాగో పక్కన నేపర్‌విల్‌లో సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. పెరడు లేదు, దక్షిణం వైపు చిన్న బాల్కనీ ఉంది. బట్టల క్లాజెట్ ఖాళీ చేసి, రాడ్డుకి నాలుగడుగుల షాప్ లైట్ ఒకటి, రెండు ట్యూబులది, బిగించారు. ఫిబ్రవరి 1న 72 గళ్ల ట్రేలో మిరప, వంగ, టమాటా, గోంగూర, సొర, బీర అన్నీ ఒకేసారి వేశారు. మూడు వారాలు తిరిగేసరికి కాడలు దారాల్లా సాగి వాలిపోతున్నాయి. కొన్ని మొదట్లో నల్లబడి పడిపోయాయి. మట్టి మీద తెల్లటి బూజు. ఇంకో రెండు లైట్లు కొనాలా, అంతా పారేసి మళ్లీ మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న. కరివేపాకు సంగతి కూడా అడిగారు, అది ఆఖర్న చెప్తాను.

లైట్లు కొనకండి. ఉన్నదాన్ని కిందికి దించండి.

ఫోటోలో మీ లైటుకీ మొక్కలకీ మధ్య అడుగున్నర దూరం కనిపిస్తోంది. ట్యూబ్‌లైటు కింద నారు పెంచేటప్పుడు ఆకు చివరికీ ట్యూబుకీ మధ్య రెండు నుంచి నాలుగు అంగుళాలకు మించకూడదు. ఆకులు కాలిపోతాయేమో అని అందరికీ భయం. మామూలు ట్యూబుకి అంత వేడి ఉండదు, ఆకు తగిలినా కొంచెం మాడుతుందేమో గానీ మొక్క చావదు. లైటు దూరంగా పెడితే మాత్రం కచ్చితంగా చస్తుంది, మెల్లగా.

దీనికి కారణం మన కన్ను చేసే మోసం. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. మిట్ట మధ్యాహ్నం ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. రాత్రి హాల్లో లైటు వేసుకుంటే మహా అయితే మూడు నాలుగొందలు. రెండు చోట్లా మనం హాయిగా పేపరు చదువుకుంటాం, ఎందుకంటే కన్ను సర్దుకుపోతుంది. ఆకు సర్దుకోలేదు. మీ రెండు ట్యూబుల కింద మూడంగుళాల దూరంలో పది వేల లక్సులకు అటూ ఇటూ వస్తుంది, నారుకి అది చాలు. అడుగున్నర కిందికి వచ్చేసరికి అందులో నాలుగో వంతో, ఐదో వంతో మిగులుతుంది. మీకు క్లాజెట్ మొత్తం తెల్లగా వెలిగిపోతున్నట్టే ఉంటుంది, మొక్కకు మాత్రం సాయంకాలం ఆరున్నర. ఇంకొంచెం పైకి వెళ్తే వెలుగు దొరుకుతుందని అది సాగుతుంది. ఇది జబ్బు కాదు, వెతుకులాట.

రెండో తప్పు వెచ్చదనం. రాత్రి క్లాజెట్ తలుపు వేసేస్తున్నానన్నారు. వెచ్చదనం ఎక్కువ, వెలుతురు తక్కువ అయితే సాగడం రెట్టింపు అవుతుంది. మిరప, వంగ మొలవడానికి 80 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలి, నిజమే. మొలిచాక 65 నుంచి 70 చాలు, రాత్రిళ్లు ఇంకో ఐదు తగ్గినా ఫరవాలేదు. మొలిచిన రోజే ట్రే కింద వేడి కోసం పెట్టే హీట్ మ్యాట్ తీసేయాలి, పైన ప్లాస్టిక్ మూత ఉంటే అదీ తీసేయాలి.

మాది చిలకలూరిపేట వైపు. మా నాన్న మిరప నారు పోసేటప్పుడు విత్తనం చల్లి, పైన వరిగడ్డి పలచగా కప్పేవాడు. పొద్దున్నే వెళ్లి గడ్డి ఎత్తి చూసి, మొలక కనిపిస్తే ఆ పూటే గడ్డి తీయించేసేవాడు. ఒక్క రోజు ఆలస్యమైనా నారు పాలిపోయి సన్నబడుతుందని ఆయన లెక్క. ఇక్కడి ప్లాస్టిక్ మూత కూడా ఆ గడ్డి లాంటిదే. ఈ మాట నాకు ముందే గుర్తొచ్చి ఉంటే మొదటి ఏడాది అరవై వంగ మొక్కలు పోగొట్టుకునేవాణ్ని కాదు. మూత లోపల నీటి బొట్లు చూసి, అబ్బో ఎంత బాగుందో అనుకుంటూ పది రోజులు ఉంచాను. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే సగం ట్రే పడుకుని ఉంది.

మీ ట్రేలో మొదట్లో నల్లబడి పడిపోయినవి కూడా అదే, నారు కుళ్లు. రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలు, శిలీంధ్రాన్ని పోలిన పిథియం లాంటివి చేసే పని. తడి ఎక్కువ, గాలి తక్కువ ఉన్నచోట విజృంభిస్తాయి. పడిపోయిన మొక్క లేవదు, దాన్నీ దాని గడిలోని మట్టినీ తీసి బయట పారేయండి. మట్టి పైన కనిపించే తెల్ల బూజు వేరే సంగతి. అది చాలాసార్లు మట్టిలోని పుల్లా పుడకా తినే బూజే, మొక్క జోలికి రాదు. కాకపోతే నీళ్లు ఎక్కువ పోస్తున్నారని చాడీ చెప్తుంది, అంతవరకూ దాని మాట వినండి. దాల్చిన చెక్క పొడి చల్లమనీ, చామంతి టీ పిచికారీ చేయమనీ సలహాలు వస్తాయి. నేను అన్నీ చేశాను. ఇరవై డాలర్ల చిన్న టేబుల్ ఫ్యాన్ ముందు అవేవీ నిలవలేదు. ఫ్యాన్ నేరుగా మొక్కల మీదికి కాకుండా గోడకి తిప్పి పెట్టండి, ఆకు కదిలీ కదలనట్టు ఉంటే చాలు. కాడ గట్టిపడటానికి కూడా ఆ కదలికే సాయం. ఫ్యాన్ పెట్టే చోటు లేదంటారా, అటు వెళ్లినప్పుడల్లా అరచేత్తో మొక్కల తలలు పది సార్లు నిమరండి. నవ్వకండి, పనిచేస్తుంది.

నీళ్లు పైనుంచి పోయొద్దు. అడుగు ట్రేలో అర అంగుళం పోసి, ఇరవై నిమిషాలాగి మిగిలింది పారబోయండి. మళ్లీ ఎప్పుడు పోయాలో వేలు పెట్టి చూడటం కంటే ట్రే ఎత్తి చూస్తే బాగా తెలుస్తుంది. వారం రోజుల్లో చేతికి బరువు అలవాటవుతుంది. చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటే అదీ తడి ఎక్కువైన గుర్తే. పసుపు జిగురు అట్టలు పెట్టి, నాలుగు రోజులు ఎండనివ్వండి.

ఇప్పుడు ఉన్నవాటిలో ఏది ఉంచాలి? టమాటా ఉంచొచ్చు. టమాటా కాడ ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేరు వేస్తుంది కాబట్టి లోతైన కప్పులోకి మార్చి, మొదటి రెండు విత్తనపు ఆకుల దాకా పూడ్చేయండి. మిరపకీ వంగకీ ఆ సుగుణం అంతగా లేదు. ఒక అర అంగుళం లోతుగా నాటి, పక్కన పుల్ల గుచ్చి నిలబెట్టొచ్చు. వాటిలో బలంగా ఉన్న నాలుగైదు మాత్రం చూసుకోండి. సొర, బీర మొహమాటం లేకుండా పీకేయండి. ఫిబ్రవరిలో వేసిన సొరపాదు ఏప్రిల్‌కల్లా మీ షర్టుల హ్యాంగర్లు పట్టుకుని పాకుతుంది, మే నెలలో బయట నాటబోతే వేరు కదిలి అలుగుతుంది. గోంగూర కూడా ఇప్పుడే అక్కర్లేదు.

అసలు విషయానికి వస్తాను. చిన్న చోట్లో నారు పోసేవాళ్లు చేసే పెద్ద తప్పు లైటులో ఉండదు, లెక్కలో ఉంటుంది. 72 గళ్ల ట్రే చూడగానే 72 మొక్కలు పెంచొచ్చు అనిపిస్తుంది. పెంచొచ్చు, మూడు నాలుగు వారాలు. తర్వాత వాటిని మూడున్నర అంగుళాల కుండీల్లోకి మార్చాలి. అదే ట్రేలో ఆ కుండీలు 18 మాత్రమే పడతాయి. అంటే ఒక్క ట్రే నాలుగు ట్రేలవుతుంది. మీ నాలుగడుగుల లైటు కింద పొడుగ్గా పెడితే రెండు ట్రేలు పడతాయి, అంతకంటే పక్కకు జరిగితే వెలుతురు అందదు. కాబట్టి మీ క్లాజెట్ సామర్థ్యం 36 మొక్కలు. మీ బాల్కనీ సామర్థ్యం ఇంకా తక్కువ. ఐదు గ్యాలన్ల బకెట్లు పది పడతాయేమో. మరి 72 మొక్కలు ఎవరికోసం? నేను మూడేళ్లు వరసగా పెంచి, మే నెలలో గుడి పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, వచ్చినవాళ్లకల్లా వంగ మొక్కలు అంటగట్టాను. పుణ్యమే గానీ, కరెంటూ నడుమూ నావి.

మీకు నేనైతే ఇలా చెప్తాను: మిరప నాలుగు, వంగ మూడు, టమాటా రెండు, గోంగూర ఒక వెడల్పాటి టబ్బుకి సరిపడా, సొరో బీరో ఏదో ఒక పాదు. ఒక్కోదానికి కావలసినదానికి రెట్టింపు గింజలు వేసి, బాగున్నవి ఉంచుకోండి. ఒకే గడిలో రెండు మొలిస్తే ఒకదాన్ని పీకొద్దు, పక్కదాని వేరు కూడా లేస్తుంది. కత్తెరతో మొదట్లో కత్తిరించండి. మొదటిసారి చేయి వణుకుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

రకరకాల మొక్కలు ఒకే లైటు కింద ఉంటే ఎత్తు తేడా తలనొప్పి. టమాటా ఆరంగుళాలుంటే మిరప రెండంగుళాల దగ్గరే ఉంటుంది. లైటు టమాటాకి సరిచేస్తే మిరప సాగుతుంది. దీనికి రెండు దారులున్నాయి. పొట్టివాటిని బోర్లించిన పెరుగు డబ్బాల మీదో, పాత పుస్తకాల మీదో ఎత్తి పెట్టడం ఒకటి. లైటుని రాడ్డుకి తాడుతో కాకుండా రెండు చివర్లా గొలుసులతో, కొక్కేలతో వేలాడదీసి, ఒక పక్క కిందికి, ఒక పక్క పైకి ఏటవాలుగా పెట్టడం ఇంకొకటి. గొలుసు ఎలాగూ కావాలి, వారానికి రెండుసార్లు ఎత్తు మార్చాల్సిందే. ట్యూబు మధ్యలో వెలుతురు ఎక్కువ, చివర్ల దగ్గర తక్కువ, అందుకని వారానికోసారి ట్రేల చోటు మార్చండి. చుట్టూ తెల్ల ఫోమ్ బోర్డు ముక్కలు నిలబెడితే పక్కకు పోయే వెలుతురు మళ్లీ మొక్కల మీదికి వస్తుంది. డాలర్ స్టోరులో దొరుకుతుంది. అల్యూమినియం ఫాయిల్ కంటే ఇదే నయం.

రోజుకి 14 నుంచి 16 గంటలు వెలగాలి. టైమర్ కొనండి, మీ జ్ఞాపకశక్తి మీద ఆధారపడకండి. ఎక్కువ వెలుతురు మంచిదే కదా అని 24 గంటలూ వేయొద్దు. చీకటే లేకపోతే టమాటా, వంగ ఆకులు పసుపు మచ్చలు పడి పాడవుతాయి, ఈ రెండూ ఆ విషయంలో మరీ సుకుమారం. ఖర్చు భయం అక్కర్లేదు. 32 వాట్ల ట్యూబులు రెండు 16 గంటలు వెలిగితే రోజుకి సుమారు ఒక యూనిట్. యూనిట్ 16 సెంట్లు అనుకున్నా నెలకి ఐదు డాలర్ల లోపే.

ట్యూబుల రంగు గురించి అడిగారు. డబ్బా మీద 6500 కె, డేలైట్ అని ఉంటే బంగారం. 4100 కె, కూల్ వైట్ అని ఉన్నా నారుకి లోటేమీ లేదు. గులాబీ రంగులో వెలిగే మొక్కల ట్యూబులు రెండింతల ధర పెట్టి కొనకండి. ఐదారు వారాల నారుకి ఆ తేడా కనపడదు, పైగా ఆ గులాబీ వెలుగులో ఆకు పాలిపోయిందో లేదో మీకే తెలియదు. టీ8 అంటే అంగుళం లావున్న ట్యూబు, టీ12 అంటే అంగుళంన్నర లావుది. మీ ఫోటోలోది పాత టీ12 లాగుంది. కొనుక్కున్నది సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి చివర్లు నల్లబడ్డాయేమో చూడండి. నల్లబడితే వెలుతురు బాగా తగ్గిపోయినట్టే, ఇంకా వెలుగుతోంది కదా అని ఉంచొద్దు. నేను కొత్త ట్యూబు పెట్టిన నెల, సంవత్సరం మార్కర్‌తో దాని అంచు మీదే రాసిపెడతాను. తీసేసినవి చెత్తబుట్టలో వేయకండి, లోపల పాదరసం ఉంటుంది, తీసుకునే చోట ఇవ్వాలి. పొరపాటున పగిలితే వాక్యూమ్ పెట్టొద్దు. కిటికీ తెరిచి, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లి, తర్వాత అట్టముక్కతో ఎత్తండి.

ఒకవేళ ట్యూబులు మార్చాల్సి వస్తే మొత్తం లైటునే ఎల్ఈడీ షాప్ లైటుకి మార్చేసుకోవడం మేలు. ట్యూబులు క్రమంగా అంగళ్లలో కనుమరుగవుతున్నాయి, కాలిఫోర్నియాలో 2025 నుంచి కొత్తవి అమ్మడమే ఆపేశారు. అయితే ఎల్ఈడీలన్నీ ఒకటి కాదు. మామూలు షాప్ లైటుకి ఇంచుమించు ట్యూబు దూరమే సరిపోతుంది, మొక్కల కోసమే చేసిన శక్తిమంతమైనవైతే అడుగు దూరం పెట్టాలి. పనిచేస్తున్న ట్యూబుల్ని మాత్రం ఫ్యాషన్ కోసం పారేయకండి.

క్లాజెట్ కాబట్టి ఒక జాగ్రత్త. ప్లగ్గు దగ్గరికి వెళ్లే వైరు ముందు కిందికి వేలాడి, తర్వాత పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లేలా చూడండి. వైరు వెంట కారిన నీళ్లు ఆ వేలాడిన చోటే కింద పడిపోతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద, ట్రేల కింద ఎప్పుడూ ఉంచొద్దు. మిగిలిన బట్టలు లైటుకి తగలకూడదు.

మట్టి విషయం: పీట్ (కుళ్లిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) కలిసిన విత్తనాల మిశ్రమం వాడానన్నారు, మంచిది. అందులో పోషకాలు దాదాపు ఉండవు. మొదటి రెండు ఆకులు విత్తనపు ఆకులు, వాటి తర్వాత వచ్చేవి అసలు ఆకులు. అసలు ఆకుల జత విచ్చుకున్నాక, డబ్బా మీద చెప్పిన మోతాదులో పావు వంతు ఎరువు వారానికోసారి నీళ్లలో కలిపి ఇవ్వండి. అంతకుముందు ఏమీ వద్దు. ఆ పీట్ ఒకసారి పూర్తిగా ఎండితే చన్నీళ్లు పీల్చదు, గోరువెచ్చటివి పోయండి.

తేదీల దగ్గర కూడా మీరు తొందరపడ్డారు. మనది అమెరికా చలి మ్యాపులో జోన్ 6 కాబట్టి ఫిబ్రవరిలో వేశానన్నారు. జోన్ అంకె చలికాలంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతో చెప్తుంది, ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో చెప్పదు. దానిమ్మ బతుకుతుందా అన్నదానికి జోన్ చూడాలి. వంగ ఎప్పుడు నాటాలన్నదానికి మంచు తేదీ చూడాలి. మన షికాగో వైపు ఆఖరి మంచు ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్య దాకా ఎప్పుడైనా పడొచ్చు. అది దాటినా వంగకీ మిరపకీ రాత్రి 55 డిగ్రీల పైన ఉంటేనే సుఖం. నేను టమాటా మే మధ్యలో, వంగ, మిరప మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం) ముందు వారం బయట పెడతాను. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేస్తే మిరప పది వారాల ముందు, అంటే మార్చి రెండో వారంలో, వంగ మార్చి ఆఖరి వారంలో, టమాటా ఏప్రిల్ మొదట్లో, గోంగూర ఏప్రిల్ మధ్యలో, సొర, బీర మే 1కి అటూ ఇటూ, అదీ పెద్ద కప్పుల్లో. గోంగూర గింజలు రాత్రంతా నానబెట్టండి. బెండ వేయాలనిపిస్తే లోపల వేయకుండా జూన్‌లో నేరుగా టబ్బులోనే వేయండి, దానికి వేరు కదిపితే కోపం.

అంటే మీకు ఇంకా మూడు వారాల సమయం ఉంది. ఏమీ పోలేదు. ముందే వేస్తే ముందే కాస్తాయన్నది ఒట్టి ఆశ. ముదురు నారు కంటే లేత నారు త్వరగా నిలదొక్కుకుంటుందని ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు. కుండీలో వేళ్లు చుట్టుకుని, పూత వచ్చేసిన పన్నెండు వారాల మిరప మొక్కా, ఎనిమిది వారాల బలమైన మొక్కా ఒకే రోజు నాటి చూశాను. జూలైకల్లా చిన్నదే దాటిపోయింది.

మా నాన్న ఒక ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చినప్పుడు నా క్లాజెట్ తలుపు తీసి, తెల్ల గోడలు, ట్యూబులు, గొలుసులు, టైమర్ అన్నీ చూసి, "ఇది నారుమడా, ఆపరేషన్ థియేటరా?" అన్నాడు. తర్వాత వంగి ఒక మిరప మొక్క కాడ రెండు వేళ్ల మధ్య నలిపినట్టు పట్టుకుని చూసి, "నారు బానే ఉంది, ఎండ చూడలేదు అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటలో మిగతా పాఠమంతా ఉంది. ట్యూబు కింద పెరిగిన ఆకు నిజమైన ఎండా గాలీ ఎరగనిది. ఒకేసారి బాల్కనీలో పెడితే మర్నాటికల్లా ఆకులు తెల్లకాగితంలా అయిపోతాయి. మొదటి రోజు నీడలో గంట, రెండో రోజు రెండు గంటలు, అలా పెంచుకుంటూ నాలుగో రోజు నుంచి ఉదయపు ఎండ, పది రోజులకి రాత్రి కూడా బయటే. మీ బాల్కనీ రెండో అంతస్తు కాబట్టి ఎండ కంటే గాలితోనే ఎక్కువ ప్రమాదం. రెయిలింగ్‌కి మొదటి వారం ఒక పాత దుప్పటి కట్టండి.

కరివేపాకు కుండీని కూడా ఆ లైటు కిందే పెట్టొచ్చా అన్నారు. వద్దు. రెండడుగుల చెట్టు కోసం లైటు ఎత్తారంటే మళ్లీ మొదటికొస్తారు. అదీ కాక చలికాలమంతా ఇంట్లో ఉన్న కరివేపాకు మీద ఎర్రనల్లో పొలుసు పురుగులో లేకుండా ఉండటం అరుదు, అవి వంగ నారు మీదికి దిగితే మళ్లీ ఇంకో ప్రశ్న అడగాల్సొస్తుంది. దాన్ని బాల్కనీ తలుపు దగ్గరే, అద్దానికి ఆకు తగలకుండా జానెడు దూరంలో ఉంచండి. మార్చి ఆఖరుకి కొత్త చిగురు కనిపించేదాకా నీళ్లు తగ్గించండి.

ఈ రాత్రికే లైటు దించండి. తలుపు తెరిచే ఉంచండి.